బ్రిటన్‌లో బెట్టింగ్ సైట్: పౌండు వేసే ముందు ఏం చూడాలి, ఎక్కడ చూడాలి

ఈ సైట్‌కి లైసెన్స్ ఉందా అని అడిగితే చాలామంది ఫోన్ తీసి, పేజీ అట్టడుగుకి వెళ్లి, అక్కడున్న గ్యాంబ్లింగ్ కమిషన్ గుర్తు చూపిస్తారు. ఆ గుర్తు ఒక బొమ్మ. ఎవరైనా కాపీ చేసి ఏ పేజీలోనైనా అతికించుకోవచ్చు. పక్కనుండే లైసెన్స్ నంబరు కూడా అంతే, ఇంకో కంపెనీది తెచ్చి రాసుకున్నా అడ్డుకునేవాడు లేడు. అందుకే నా పద్ధతి ఒకటే: సైట్ తన గురించి తాను చెప్పుకునేది ఏదీ లెక్కలోకి తీసుకోను. ప్రతిదానికీ బయట సరిచూసుకునే చోటు ఉంది. నేను చూసే వరుసలో ఆ చోట్లు చెబుతాను.

ముందు ఒక మాట. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఉంటూ 18 ఏళ్లు నిండినవాళ్ల కోసం. నార్తర్న్ ఐర్లండ్ చట్టం వేరు. ఇండియాలో ఉన్నవాళ్లకు ఇది అసలే పనికిరాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. బ్రిటన్ లైసెన్స్ బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే. సంక్రాంతికి విజయవాడ వెళ్లినప్పుడు వీపీఎన్ పెట్టుకుని లాగిన్ అయితే అక్కడి చట్టమూ మీకు వ్యతిరేకమే, సైట్ నిబంధనలూ మీకు వ్యతిరేకమే. గెలిచిన డబ్బు ఆపేయడానికి సైట్‌కి అంతకంటే మంచి సాకు దొరకదు.

1. రిజిస్టర్ తెరవండి, పేరు కాదు, డొమైన్ వెతకండి

బ్రిటన్‌లో జూదాన్ని నియంత్రించేది గ్యాంబ్లింగ్ కమిషన్. 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం కింద ఏర్పడింది, ఆఫీసు బర్మింగ్‌హామ్‌లో ఉంది. 2014 నవంబరు నుంచి నియమం చాలా సూటిగా ఉంది: కంపెనీ ఏ దేశంలో ఉన్నా సరే, బ్రిటన్‌లో ఉన్న మనిషి దగ్గర పందెం తీసుకోవాలంటే ఈ కమిషన్ లైసెన్స్ ఉండాల్సిందే. కాబట్టి 'మాకు కురాసావ్ లైసెన్స్ ఉంది', 'మాకు మాల్టా లైసెన్స్ ఉంది' అని ఎవరైనా చెబితే, ఆ లైసెన్స్ నిజమైనదే అయినా ఇక్కడ మీకు దానితో పని లేదు.

సైట్ అడుగున ఉన్న లింకు నొక్కవద్దు. నకిలీ సైట్ అయితే ఆ లింకు నకిలీ పేజీకే తీసుకెళ్తుంది. బ్రౌజర్‌లో కొత్త ట్యాబ్ తెరిచి కమిషన్ సైట్‌కి మీరే వెళ్లండి. అడ్రస్ చివర గవ్ డాట్ యూకే అని ఉండాలి. అక్కడ పబ్లిక్ రిజిస్టర్ ఉంటుంది. కంపెనీ పేరుతో, వాడుక పేరుతో, డొమైన్‌తో, అకౌంట్ నంబరుతో వెతకొచ్చు. మీరు డొమైన్‌తో వెతకండి. మీ ఫోన్‌లో అడ్రస్ బార్‌లో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే. పేరున్న బ్రాండ్‌ని అనుకరిస్తూ మధ్యలో ఒక గీత పెట్టడం, చివర డాట్ కామ్ బదులు ఇంకోటి పెట్టడం మోసగాళ్లకు మామూలే. పేరుతో వెతికితే అసలు కంపెనీ కనిపించి మీరు తృప్తి పడిపోతారు. డొమైన్‌తో వెతికితే ఏమీ రాదు, అప్పుడు తెలుస్తుంది.

కంపెనీ దొరికాక ఆ పేజీలో నాలుగు సంగతులు చూడండి. లైసెన్స్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందా, లేక వదులుకున్నారా, సస్పెండ్ అయిందా. అది ఆన్‌లైన్‌కి సంబంధించిందా. వీధిలో షాపు నడుపుకోవడానికి ఇచ్చే లైసెన్స్ వేరు. డొమైన్ పక్కన యాక్టివ్ అని ఉందా, వైట్ లేబుల్ అని ఉందా (అంటే ఏమిటో తర్వాతి మెట్టులో చెబుతాను). చివరిగా, కమిషన్ ఆ కంపెనీ మీద తీసుకున్న చర్యలు.

ఈ చర్యల జాబితా చూసి కంగారు పడాల్సిన పని లేదు. పెద్ద కంపెనీలకు కూడా మచ్చలున్నాయి. 2022లో ఎంటైన్ గ్రూపు 1.7 కోట్ల పౌండ్లు, 2023లో విలియం హిల్ గ్రూపు 1.92 కోట్ల పౌండ్లు కట్టాయి. జరిమానా పడిందా అని కాకుండా ఎందుకు పడిందో చదవండి. నష్టపోతున్న మనిషిని చూస్తూ కూడా ఆపకుండా ఆడించారని రాసి ఉంటే, రేపు మీ విషయంలో వాళ్లు ఎలా ఉంటారో కొంత తెలుస్తుంది.

2. వైట్ లేబుల్ అయితే అసలు యజమాని ఎవరో చూసుకోండి

కొన్ని బ్రాండ్లకు సొంత లైసెన్స్ ఉండదు. లైసెన్స్ ఉన్న ఇంకో కంపెనీ వాళ్ల పేరు మీద సైట్ నడుపుతుంది. అద్దె ఇంటికి తన పేరు బోర్డు తగిలించుకున్నట్టు. ఇది చట్టవిరుద్ధం కాదు. కాకపోతే రేపు గొడవ వస్తే మీరు రాయాల్సింది బోర్డు మీద పేరున్నవాడికి కాదు, లైసెన్స్ ఉన్నవాడికి.

ఈ ఏర్పాటు ఎంత తొందరగా కూలుతుందో 2025లో చూశాం. ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని టీజీపీ యూరప్ అనే కంపెనీ ఇలాగే చాలా బ్రాండ్లను తన లైసెన్స్ కింద నడిపేది. ఆ మే నెలలో 33 లక్షల పౌండ్ల జరిమానా పడింది, కంపెనీ లైసెన్స్ వదులుకుని బ్రిటన్ నుంచి వెళ్లిపోయింది. ఆ బ్రాండ్లలో కొన్ని ప్రీమియర్ లీగ్ జట్ల చొక్కాల మీద ఉన్నవే. అలాంటి స్పాన్సర్లున్న క్లబ్బులను కమిషన్ హెచ్చరించాల్సి వచ్చింది. స్టేక్ అనే సైట్ కూడా అదే ఏడాది మార్చిలో బ్రిటన్‌లో మూతపడింది, అప్పటికి ఎవర్టన్ చొక్కా మీద దాని పేరే ఉంది. 'ప్రీమియర్ లీగ్ టీమ్‌కే స్పాన్సర్ అంట, లైసెన్స్ లేకుండా ఉంటుందా?' అన్న లాజిక్ మన వాళ్ల దగ్గర చాలాసార్లు విన్నాను. ఉంటుంది. ఆ ప్రకటన మనకోసం కాదు, మ్యాచ్‌ని టీవీలో చూసే ఆసియా ప్రేక్షకుల కోసం.

3. ఈ మాట వినబడితే అక్కడితో ఆపండి

ఐపీఎల్ మొదలవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో 'ఐడీ కావాలా?' అని మెసేజ్‌లు వస్తాయి. ఒక ఏజెంటు, ఒక లాగిన్, ఒక పాస్‌వర్డ్. డబ్బు ఎవరిదో బ్యాంకు ఖాతాకి పంపాలి, గెలిస్తే వాడే తిరిగి పంపుతాడు. లండన్‌లో ఉన్నా, రెడింగ్‌లో ఉన్నా, పంపేవాడు మన ఊరివాడే అయినా, దీనికి రిజిస్టర్‌లో చోటు లేదు. ఫిర్యాదు చేసే చోటూ లేదు. దానికి మించి, మీ ఖాతాలోకి వచ్చే డబ్బు ఎవరిదో మీకు తెలియదు. రేపు బ్యాంకు అడిగితే ఏం చెబుతారు? వీసా మీద ఉన్న విద్యార్థికి ఖాతా మూసేస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

క్రెడిట్ కార్డు తీసుకుంటామని చెప్పే సైట్ కూడా అంతే. 2020 ఏప్రిల్ 14 నుంచి బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో ఆన్‌లైన్ పందేలు నిషిద్ధం, వాలెట్‌లో క్రెడిట్ కార్డు డబ్బు వేసుకుని తిప్పడం కూడా కుదరదు. అప్పు చేసి పప్పుకూడు వద్దని చట్టమే చెప్పిందన్నమాట. గుర్తింపు పత్రాలు అక్కర్లేదు అనేవాళ్లు, క్రిప్టోలో మాత్రమే వేయండి అనేవాళ్లు, 'గామ్‌స్టాప్‌లో లేని సైట్' అని గొప్పగా రాసుకునేవాళ్లు (గామ్‌స్టాప్ అంటే జూదం మానాలనుకునేవాళ్లు తమను తాము అన్ని సైట్ల నుంచి ఆపించుకునే ఏర్పాటు), అందరూ లైసెన్స్ లేదని తమ నోటితోనే చెబుతున్నారు. లైసెన్స్ ఉన్న ఏ ఆన్‌లైన్ సైట్ అయినా 2020 మార్చి 31 నుంచి గామ్‌స్టాప్‌లో ఉండి తీరాలి.

4. కంపెనీ మునిగితే మీ డబ్బు ఏమవుతుందో చదవండి

ఇది ఎవరూ చదవరు. నేనూ చాలాకాలం చదవలేదు.

లైసెన్స్ ఉందంటే మీ డబ్బు భద్రం అని అర్థం కాదు. బ్యాంకులో వేసిన డబ్బుకి ఉన్నట్టు ప్రభుత్వ హామీ ఇక్కడ లేదు. కంపెనీ దివాలా తీస్తే ఖాతాల్లోని డబ్బు ఏమవుతుందో ప్రతి సైట్ తన నిబంధనల్లో చెప్పాలి, మూడు స్థాయిల్లో ఏదో ఒకటి రాయాలి. మొదటిది రక్షణ లేదు అని. డబ్బు వేరే ఖాతాలో పెట్టినా, దివాలా తీసినప్పుడు అది కూడా కంపెనీ ఆస్తిలో కలిసిపోతుంది, అప్పులవాళ్ల వరుసలో మీరూ నిలబడాలి. రెండోది మధ్యస్థం, ఏదో ఒక బీమాలాంటి ఏర్పాటు ఉంటుంది కానీ పూర్తి హామీ కాదు. మూడోది గరిష్ఠం: డబ్బు చట్టప్రకారం కంపెనీ నుంచి విడిగా ఉంటుంది, బయటివాళ్ల తనిఖీ ఉంటుంది. నిబంధనల పేజీలో 'ఇన్‌సాల్వెన్సీ' అన్న మాట వెతికితే ఈ వాక్యం దొరుకుతుంది.

ఫుట్‌బాల్ ఇండెక్స్ సంగతి గుర్తుండే ఉంటుంది. ఆటగాళ్ల మీద 'షేర్లు' కొనుక్కోమని, డివిడెండ్లు వస్తాయని చెప్పిన సైట్. చాలామంది దాన్ని పెట్టుబడి అనుకున్నారు. నిజానికి అది పందెమే. దానికి గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్స్ ఉంది. అయినా 2021 మార్చిలో కుప్పకూలింది. ఖాతాలో ఊరికే ఉన్న నగదు సంగతి వేరు, 'షేర్ల'లో పెట్టిన డబ్బు మాత్రం పోయినట్టే అయింది. లైసెన్స్ ఉన్న చోటే ఇలా జరిగింది కాబట్టి చెబుతున్నాను: ఏ సైట్ అయినా, అందులో ఈ వారానికి కావలసిన దానికంటే ఎక్కువ డబ్బు నిలవ ఉంచకండి. గెలిచింది ఆ రోజే బ్యాంకుకి లాగేసుకోండి. అది పర్సు, బీరువా కాదు.

5. పేరు సరిపోయేలా ఖాతా తెరవండి

ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక సమస్య. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, బ్యాంకులో ఇంకోచోట. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో. కార్డు మీద ఇనీషియల్ ఒక్కటే. సైట్‌లో మాత్రం మనకి అలవాటైన పొట్టిపేరు రాస్తాం. డబ్బు వేసేటప్పుడు ఎవరూ అడగరు అనుకుంటాం.

ఇక్కడ నిజానికి ముందే అడుగుతారు. 2019 మే నుంచి వయసూ గుర్తింపూ తేలకుండా పందెం కాయనివ్వకూడదు. ఇంకో మంచి నియమం కూడా ఉంది: ముందే అడగగలిగిన పత్రాన్ని అప్పుడు అడగకుండా ఊరుకుని, డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం అది తెస్తేనే ఇస్తామని సైట్ అనకూడదు. గెలిచాకే 'పాస్‌పోర్ట్ పంపండి' అని మొదలుపెడితే ఈ నియమాన్ని గుర్తుచేయండి. అయితే మీ పేర్లే ఒకదానితో ఒకటి కలవకపోతే తప్పు వాళ్లది కాదు. డెబిట్ కార్డు మీద పేరు ఎలా ఉందో, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టుకుని, పాస్‌పోర్ట్ ప్రకారం రాయండి. తేడా ఉంటే డబ్బు వేయకముందే చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇంకొకరికి ఖాతా తెరిచి ఇవ్వడం, 'నీ పేరు మీద ఒక అకౌంట్ తీసుకుంటా, నెలకి ఇంత ఇస్తా' అనే రూమ్మేట్‌కి సరే అనడం, రెండూ వద్దు. మీ పేరున నడిచిన ప్రతి పౌండుకీ జవాబు మీరే చెప్పాలి.

6. బోనస్ లెక్క కట్టండి

ఒకప్పుడు పది పౌండ్ల బోనస్ ఇచ్చి, దాన్ని 40 సార్లో 50 సార్లో తిప్పితే కానీ బయటికి తీయనివ్వనని షరతు పెట్టేవాళ్లు. 2026 జనవరి 19 నుంచి పది రెట్లకు మించకూడదు. అంటే పది పౌండ్ల బోనస్‌కి గరిష్ఠంగా వంద పౌండ్ల పందేలు. ఇంతకు మించి అడిగే సైట్ కనిపిస్తే మళ్లీ మొదటి మెట్టుకి వెళ్లి రిజిస్టర్ చూడండి.

ఆ వంద పౌండ్లు తిప్పడానికి ఎంత ఖర్చవుతుందో కూడా చూడండి. స్లాట్ ఆటల్లో ఆటగాడికి తిరిగొచ్చే శాతం ఎంతో చూపించాలి. 96 అని ఉంటే, వంద పౌండ్లు తిప్పితే సగటున నాలుగు పౌండ్లు పోతాయి. సగటున మాత్రమే, మీ రాత్రి ఆ సగటుని పట్టించుకోదు. స్లాట్లలో ఒక్కో ఆటకి పెట్టే మొత్తానికి కూడా 2025 నుంచి హద్దు ఉంది: 25 ఏళ్లు నిండినవాళ్లకు 5 పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్లవాళ్లకు 2 పౌండ్లు.

మ్యాచ్‌ల మీద పందెమైతే సైట్ తినేది ఆడ్స్‌లో, అంటే గెలిస్తే ఎంత ఇస్తారో చెప్పే అంకెల్లో, దాగి ఉంటుంది. ఉదాహరణకి ఇద్దరికీ సమాన అవకాశం ఉన్న ఆటలో ఇరువైపులా 10/11 ఇచ్చారనుకోండి. 11 పెడితే 10 లాభం, అసలుతో కలిపి 21. 11ని 21తో భాగిస్తే 52.4 శాతం, రెండు వైపులా కలిపితే 104.8. వందకి పైన ఉన్నదంతా సైట్ వాటా. అదే ఆటకి ఇంకో సైట్ 5/6 ఇస్తే మొత్తం 109.1 అవుతుంది. రెండిటికీ లైసెన్స్ ఉంది, రెండూ సురక్షితమే, రెండోది మీ దగ్గర దాదాపు రెట్టింపు లాగుతోంది. ఈ కూడిక చేయడానికి ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

లైసెన్స్ ఆపలేని ఇంకో సంగతి: బాగా గెలిచేవాళ్ల పందేలను సైట్ కుదించవచ్చు, ఇరవై పౌండ్లు పెడదామంటే రెండు పౌండ్లే తీసుకుంటానని చెప్పవచ్చు. ఓడేవాడికి మాత్రం ఈ ఇబ్బంది ఎప్పుడూ రాదు. ఇది ఇక్కడి జూదగాళ్ల పాత కడుపుమంట.

7. మొదటి పౌండుకి ముందు హద్దు, మొదటి వారంలో ఒక విత్‌డ్రా

2025 అక్టోబరు 31 నుంచి మొదటిసారి డబ్బు వేయకముందే సైట్ మిమ్మల్ని హద్దు పెట్టుకోమని అడగాలి. ఆ పెట్టెని అడ్డంకిలా చూసి దాటేయకండి. నెలకి పోయినా పర్వాలేదనుకునే మొత్తం రాయండి. అద్దె, ఇంటికి పంపే డబ్బు తీసేశాక మిగిలేదాన్ని బట్టి. నెలకి నికర డిపాజిట్ (వేసినదాంట్లో వెనక్కి తీసుకున్నది పోగా) 150 పౌండ్లు దాటితే ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నారేమో అని ప్రజా రికార్డుల్లో చూస్తారు. అది మీ క్రెడిట్ స్కోరుని తగ్గించదు. ఇల్లు కొనే ఆలోచన ఉంటే మాత్రం గుర్తుంచుకోండి, అప్పిచ్చేవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు, అందులో ఈ సైట్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి.

పది పౌండ్లు వేయండి, ఆడినా ఆడకపోయినా అందులో కొంత వెనక్కి తీయండి. ఎన్ని గంటలు పడుతుందో, ఏం అడుగుతారో అప్పుడే తెలిసిపోతుంది. వెయ్యి గెలిచిన రోజు తెలుసుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తీస్తానని చెప్పిన డబ్బుని 'ఆగండి, రద్దు చేసి మళ్లీ ఆడండి' అని సైట్ ఊరించడం కూడా నిషిద్ధం. అలాంటి బటన్ కనిపిస్తే అనుమానించండి.

8. తగాదా వస్తే

గ్యాంబ్లింగ్ కమిషన్ మీ డబ్బు మీకు ఇప్పించదు. చాలామంది నేరుగా అక్కడికి రాసి, జవాబు చూసి నీరుగారిపోతారు. ముందు కంపెనీకి, ఫిర్యాదు అన్న మాట వాడుతూ, రాతపూర్వకంగా రాయండి. వాళ్లకు ఎనిమిది వారాల గడువు ఉంది. తేలకపోయినా, చివరి జవాబు నచ్చకపోయినా, వాళ్లు పేరు చెప్పిన స్వతంత్ర మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. ఐబాస్ అనేది వాటిలో బాగా తెలిసినది. మీకు ఖర్చు ఉండదు. సైట్ ఎవరి పేరు ఇచ్చిందో ఖాతా తెరిచే ముందే నిబంధనల్లో చూసుకోండి. పందెం స్లిప్, ఆ సమయంలో ఉన్న ఆడ్స్, చాట్ అన్నీ దాచి ఉంచండి. ఫోన్‌లో మాట్లాడింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

9. తలుపు ఎలా మూయాలో ముందే తెలుసుకోండి

గామ్‌స్టాప్‌లో ఒక్కసారి నమోదు చేస్తే లైసెన్స్ ఉన్న అన్ని ఆన్‌లైన్ సైట్లూ మూసుకుంటాయి. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు, మీ ఇష్టం. మధ్యలో మనసు మారినా తీయరు. గడువు ముగిసినా దానంతట అది తొలగిపోదు, మీరే అడగాలి. ఇక్కడ కూడా పేర్ల గొడవ ఉంది: మీరు వాడిన ఈమెయిల్స్ అన్నీ, పాత పోస్ట్‌కోడ్‌లు, పేరు రాసుకున్న రకాలు అన్నీ ఇవ్వండి, లేకపోతే ఏదో ఒక సందు మిగిలిపోతుంది. దీనితోపాటు బ్యాంకు యాప్‌లో గ్యాంబ్లింగ్ బ్లాక్ పెట్టండి. చాలా బ్యాంకుల్లో దాన్ని తీయాలంటే 48 గంటలో, 72 గంటలో ఆగాలి. రాత్రి రెండింటికి వచ్చే ఆలోచనకి ఆ ఆగడమే సరిపోతుంది.

మాట్లాడాలనిపిస్తే జాతీయ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133, రోజంతా పనిచేస్తుంది, ఉచితం. జూదం నుంచి బయటపడటానికి ఎన్‌హెచ్‌ఎస్ క్లినిక్‌లు కూడా ఉన్నాయి, జీపీ చీటీ లేకుండా మీరే నేరుగా సంప్రదించొచ్చు. గామ్‌స్టాప్‌లో పేరు ఇచ్చిన వారానికే గూగుల్‌లో 'గామ్‌స్టాప్ లేని సైట్లు' అని మీ వేళ్లు టైపు చేస్తుంటే, ఆ నంబరుకి ఫోన్ చేయాల్సిన సమయం అదే.